ఎడమ చేతి మాటలు

కాగితాన్ని టైపు మిషన్ రోలరు కిందికి దూర్చి, పక్కనున్న పిడి తిప్పి, అంచులు సమంగా వచ్చాయో లేదో వంగి చూసి, బుచ్చిరాములు రెండడుగులు వెనక్కి జరిగి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ఒక్క పని కోసమే అతన్ని ఆఫీసు గదిలోకి రానిచ్చారు. ఒంటిచేత్తో కాగితం ఎక్కించడం మొండయ్యకు ఇంకా సరిగా చేతకాలేదు, ఎక్కించినా వంకరపోతుంది, వంకరపోయిన కాగితం మీద ఎంత శుభ్రంగా కొట్టినా వరసలు గుట్ట ఎక్కుతున్నట్టు కనిపిస్తాయి. బల్లకు అవతల బొగ్గు కంపెనీ పర్సనెల్ ఆఫీసరు దామోదర్‌రావు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, మాట్లాడే వైపు అరచెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగు మొండయ్యా, ఫోను అయినంక టెస్టు. అందాక చెయ్యి అలవాటు కావడానికి ఏదన్న కొట్టుకో" అన్నాడు. చెయ్యి అనేసరికి ఆయనకే ఏదో తట్టినట్టుంది, చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. మొండయ్యకు ఏమీ అనిపించలేదు. వాన నీళ్ల గుంతను తప్పించుకుని నడిచినట్టు జనం తన దగ్గర ఆ మాట చుట్టూ జాగ్రత్తగా నడవడం ఏడు నెలలుగా చూస్తూనే ఉన్నాడు. మోచేతి కింద మడిచి పిన్నీసు పెట్టిన కుడి చొక్కాచెయ్యి ఫ్యాను గాలికి కొంచెం కొంచెం ఊగుతోంది. ఎడమ చేతి నాలుగు వేళ్లూ తీసుకెళ్లి వాటి చోట్లలో వాటిని ఉంచాడు.

మొదట కొట్టిన మాట 'సాడ్'. ఎస్, ఏ, డీ. మూడూ ఎడమ చేతి వేళ్ల కిందే ఉంటాయి, ఎటూ కదలనక్కర్లేదు, ఉన్నచోట నొక్కితే చాలు, అంత తేలిక. దిగులు అని దాని అర్థం. తర్వాత 'డాడ్', అంటే బాపు. 'బ్యాడ్', చెడ్డది. 'వాటర్', నీళ్లు. 'ఫాస్ట్' అన్నదానికి తొందర అని ఒక అర్థం, ఒక్కపొద్దు అని ఇంకొక అర్థం, ఆ రెండోది విన్నప్పుడు భార్య బాలవ్వ శనివారాలు గుర్తొచ్చి, ఒక్కపొద్దు రోజున ఆమె ఏ పనీ తొందరగా చెయ్యదే అనుకున్నాడు. మాటలు ఒకదాని వెనక ఒకటి, బొగ్గు టబ్బుల్లాగా, కాగితం మీద వరసగా వచ్చి నిలుస్తున్నాయి. వాటితో ఏ వాక్యమూ తయారుకాదు, తయారుచెయ్యాలని అతనూ చూడలేదు. ఇవన్నీ నిజాముద్దీన్ సాబ్ నోటుబుక్కులోని మాటలు. మంచిర్యాల స్టేషను రోడ్డులో సైకిళ్ల దుకాణం మీద మేడగది, అందులో పన్నెండు రెమింగ్టన్ మిషన్లు, కిటికీ పక్కన సాబ్ కుర్చీ. ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో నెలలో మొదటిసారి ఆ మెట్లెక్కినప్పుడు సాబ్ మడిచిన చొక్కాచెయ్యిని ఒకసారి చూసి, ఏమైందని అడగలేదు, ఎందుకొచ్చావనీ అడగలేదు. గడ్డం నిమురుకుని, "రెండు చేతులున్నోళ్లకు ముప్పై ఏండ్ల సంది నేర్పుతున్న బేటా, ఒక్క చేతికి ఎన్నడు నేర్పలే. వారం రోజులు టైం ఇయ్యి. నేను నేర్చుకోని నీకు నేర్పుత" అన్నాడు.

ఆ వారంలో సాబ్ తన కుడి చేతిని లాల్చీ జేబులో పెట్టుకుని ఎడమ చేత్తోనే కొట్టి చూసుకున్నాడని తర్వాత అక్కడ నేర్చుకునే ఆడపిల్లలు చెప్పారు. అలా కొడుతూ కొడుతూ, ఎడమ చేతి వేళ్లు తమ హద్దు దాటకుండా రాయగలిగిన ఇంగ్లీషు మాటలు ఏవేవి ఉన్నాయో ఏరి, పిల్లల నోటుబుక్కు ఒకటి కొని, అందులో నాలుగు వందల పన్నెండు మాటలు రాసి పెట్టాడు. మాట పక్కన అర్థం. తెలుగు తోచినచోట తెలుగు, తోచనిచోట ఉర్దూ మాటను తెలుగు అక్షరాల్లో. 'వేస్ట్' పక్కన బేకార్ అని ఉంది, 'సేఫ్' పక్కన హిఫాజత్ అని ఉంది. మిషన్ మీది అక్షరాల మధ్య చూపుడు వేలితో పైనుంచి కిందికి ఒక గీత గీసి చూపించి, ఇది గోదావరి అనుకో అన్నాడు సాబ్. ఇవతల ఆదిలాబాద్ జిల్లా, అవతల కరీంనగర్ జిల్లా. నీ చెయ్యి ముందు తన జిల్లా ఊర్లన్నీ కళ్లు మూసుకుని తిరగాలి, తర్వాతే నది దాటాలి. గోదావరి అవతలి ఒడ్డు ఊర్లో పుట్టి, ఇవతలి ఒడ్డున బొగ్గు తవ్విన మనిషికి ఆ లెక్క ఇట్టే అర్థమైంది. మూడు నెలల్లో ఇవతలి ఒడ్డు పూర్తిగా వచ్చేసింది. అవతలి ఒడ్డు ఇప్పటికీ తడుములాటే, చెయ్యి ఎత్తి అటు పోయి ఒక అక్షరం కొట్టి ఇటు వచ్చేసరికి వేళ్లు తమ ఇండ్లు మరిచిపోతాయి.

ఆ నోటుబుక్కు కొన్నాళ్లు అతనికి ఒక వేడుక అయింది. ఎడమ చేతికి ఏం రాయడం వచ్చో, ఏం రాయడం రాదో చూసుకోవడం. 'ఫీట్' వచ్చు, కాళ్లు. 'ఫేస్' వచ్చు, ముఖం. 'ఇయర్' వచ్చు, చెవి. 'హ్యాండ్' మాత్రం పూర్తిగా రాదు, సగం అక్షరాలు అవతల ఉన్నాయి. గని మాటల్లో 'గ్యాస్' వచ్చు, మనుషుల్ని దింపే 'కేజ్' వచ్చు, 'వేజ్' వచ్చు, 'పంప్' రాదు, 'ఆయిల్' రాదు. 'డియర్' వచ్చు, ప్రియమైన అని ఒక అర్థం, పిరమైన, అంటే ఖరీదైన, అని ఇంకొకటి, రెండింటికీ పెద్ద తేడా లేదనిపించింది. 'వి' వచ్చు, మేము. 'ఐ' రాదు, అది పూర్తిగా కుడి చేతి అక్షరం. 'నో' కూడా రెండక్షరాలూ అవతలివే. ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే బాలవ్వ ఉల్లిగడ్డ కోస్తూ కత్తిపీట మీంచి తలెత్తకుండానే, "నేను అనరాదు, వద్దు అనరాదు. కొత్త కోడలు లెక్కున్నది గా చెయ్యి" అంది. నవ్వాడు. నవ్విన తర్వాత గుర్తించాడు, లేని కుడి చెయ్యి ఆ 'నో' కొట్టింది. అది కొన్నాళ్ల నుంచి జరుగుతోంది. పక్క మిషన్ మీద ఆడపిల్లలు రెండు చేతులా టకటకలాడిస్తుంటే, మోచేతి కింద ఏమీలేని చోట వేళ్లు కదులుతాయి, ఏ వేలు ఏ అక్షరానిదో వాటికి తెలుసు, ఎవరూ నేర్పకుండా అవతలి ఒడ్డు మొత్తం అవి నేర్చేసుకున్నాయి. డాక్టరుకు చెబితే అది మామూలే అన్నాడు. మామూలే అయితే సరే అని మొండయ్యా అనుకున్నాడు.

దామోదర్‌రావు ఫోనులో ఆసిఫాబాద్ కోర్టు గురించి ఏదో అంటున్నాడు, వాయిదా అంటున్నాడు. 'డేట్' అని కొట్టాడు మొండయ్య, వాయిదాను సాబ్ అలాగే రాశాడు, తారీఖు అని కూడా రాశాడు. తారీఖులు. అతని ఇంగ్లీషు ఒక తారీఖున ఆగిపోయింది. అరవై తొమ్మిదిలో పదో తరగతి, తెలంగాణ గొడవల్లో బడి మూతపడిన రోజున ఇంగ్లీషు సారు నల్లబల్ల మీద మూడు మాటలు రాశాడు, కుడ్, వుడ్, షుడ్, మధ్యలో 'ఎల్' ఉంటుంది కానీ పలకొద్దు అన్నాడు, ఉన్నదాన్ని ఎందుకు పలకొద్దో చెప్పబోతుండగా బయట పిల్లలు జై తెలంగాణ అని అరిచారు, అందరూ లేచి బయటికి ఉరికారు. ఆ ఉరకడం బాగుంది, అది ఇప్పటికీ గుర్తుంది, ఎండ, దుమ్ము, చెప్పులు ఊడిపోతున్నా ఆగని కాళ్లు. బడి మళ్లీ తెరిచేసరికి ఏడాది కావొచ్చింది. ఆలోపు బాపు మంచం పట్టాడు, చిన్నోళ్లు ముగ్గురు. సర్టిఫికెట్టు కోసం బడికెళ్తే ఆ గదిలో బల్ల మీద ఆ మూడు మాటలు అలాగే ఉన్నాయి, ఎవరూ తుడవలేదు, సుద్ద కొంచెం పసుపెక్కింది. వాటి అర్థాలేమిటో అప్పుడూ తెలియలేదు. మొన్న సాబ్‌ను అడిగితే చాలాసేపు ఆలోచించి, చేయగలిగి ఉంటే, చేసి ఉంటే, చేసి ఉండాల్సింది, గవన్నీ బేకార్ మాటలు బేటా, నీ జిల్లాల లేవు, వదిలెయ్యి అన్నాడు. డెబ్బై ఒకటిలో పడవ దాటి వచ్చి, పనికి రానివాళ్ల బదులు చేసే బదిలీ కూలీగా గనిలోకి దిగాడు. మొదటి రోజు లోపల చీకటిని చూసి భయపడలేదు. మనుషులు మాట్లాడుకుంటున్నారు, ఒకడు పాట పాడుతున్నాడు, ఇంతేనా అనుకున్నాడు.

వరస చివరికి వచ్చింది, మిషన్‌లో గంట మోగింది. చిన్న గంట, టింగుమని. వెనక నిలబడ్డ బుచ్చిరాములు ఒళ్లు ఒక్కసారి కదిలినట్టు వీపుకు తెలిసింది. సాబ్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనూ అంతే, రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి కాగితాలు ఎక్కించి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు, గంట మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడేవాడు, నాలుగు నెలలైనా అలవాటు పడలేదు. మొండయ్య మాత్రం రెండో రోజుకే అలవాటు పడ్డాడు. ఎడమ పక్కనున్న మీట నెట్టి కాగితం బండిని మొదటికి తోశాడు. గనిలో గంట ఇలా ఉండదు. ఏటవాలు దారి పొడుగునా తీగ ఉంటుంది, తీగ లాగితే పైన ఇంజను గదిలో గంట మోగుతుంది, ఇంజను దగ్గర మనిషికి కింద ఏం జరుగుతుందో కనిపించదు, గంటను బట్టే టబ్బులు కట్టిన ఇనుప రోపు లాగుతాడు, గంటను బట్టే వదులుతాడు, గంట లేకపోతే బ్రేకు పిడిని చేత్తో నొక్కి పట్టుకుని కూర్చుంటాడు. ఆ రోజు ఒక టబ్బు పట్టాలు దిగింది. మొండయ్యా ఇంకో ఇద్దరూ దాన్ని మళ్లీ పట్టాల మీదికి ఎత్తారు, ఆ ఇద్దరూ కిందికి వెళ్లారు, మొండయ్య దాన్ని మిగతా టబ్బులకు కొక్కెం తగిలిస్తున్నాడు. వంగి, కుడి చెయ్యి రెండింటి మధ్య పెట్టి. పై టబ్బులు ఒక్క జానెడు కిందికి వచ్చాయి. అంతే. పెద్ద చప్పుడు కూడా కాలేదు. నొప్పి కంటే ముందు అతనికి తోచింది కొక్కెం పడిందా లేదా అని.

మూడో రోజున ఆస్పత్రికి ఎంక్వయిరీ సారు వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకు కాగితం. "రోపు వదలమని గంట కొట్టినవా?" అని అడిగాడు. ఆయన వెనక, మంచం కాళ్ల దగ్గర, బుచ్చిరాములు నిలబడి ఉన్నాడు. ఆ షిఫ్టులో ఇంజను దగ్గరున్నది అతనే. చేతుల్లో మొండయ్య బూట్లున్నాయి. గని దగ్గర ఉండిపోయినవి తెచ్చాడు. తేవడమే కాదు, కడిగి తెచ్చాడు, పదిహేనేళ్లుగా బొగ్గు రంగులోనే ఉన్న బూట్లు అసలు గోధుమరంగువని అప్పుడే తెలిసింది. మొండయ్య ఆ బూట్లను చూస్తూ, "కొట్టిన" అన్నాడు. ఎందుకన్నాడో అప్పుడూ తెలియదు, తర్వాత ఆలోచించినా తేలలేదు. బుచ్చిరాములును కాపాడాలని అనుకున్నది లేదు. దయ కాదు, భయం కాదు. ఆ బూట్లు పట్టుకున్న మనిషి ముందు కొట్టలేదు అనడానికి నోరు కదల్లేదు, కొట్టిన అనడానికి కదిలింది, అంతే. ఎంక్వయిరీ సారు రాసుకుని, ఎడమ బొటనవేలి ముద్ర తీసుకుని వెళ్లిపోయాడు. రాసిన తర్వాత అదే నిజమైంది. కొన్నాళ్లకు తీగ చల్లదనం కూడా గుర్తుకు రావడం మొదలుపెట్టింది, తానే లాగినట్టు, పొరపాటున. ఈ సంగతి వాళ్లిద్దరి మధ్య ఒక్కసారి కూడా మాటకు రాలేదు. బుచ్చిరాములు మాత్రం ప్రతిరోజూ వచ్చాడు.

పేరుకు తగ్గట్టే మొండి చెయ్యి వచ్చిందని వాడలో ఒకరిద్దరు నవ్వారు. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, వీడైనా మొండికేసి బతకాలని కన్న అవ్వ పెట్టుకున్న పేరది. ఈ రోజు టైపు టెస్టు పోతే ఇక ఏ పనికీ అన్‌ఫిట్ అని రాస్తారు. అన్‌ఫిట్ అంటే పని లేదు, కంపెనీ క్వార్టర్ లేదు, పడవెక్కి అవతలి ఒడ్డుకు పోవడమే. అక్కడ తమ్ముళ్లు దున్నుకుంటున్న భూమి ముగ్గురికే చాలదు. పొద్దున బాలవ్వ అతని చొక్కా గుండీలు పెడుతూ, "కొట్టింది కొట్టు. కాకపోతే నేను నాలుగిండ్లల్ల పని చేస్త. ఫికర్ చెయ్యకు" అంది. ఫికర్ చెయ్యడం లేదని ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఏడు నెలలుగా అతనికి అన్నీ అద్దం అవతల జరుగుతున్నట్టున్నాయి, బాలవ్వ ఏడ్చింది అద్దం అవతల, పిల్లలు కుడి వైపు కూర్చోవడం మానేసి ఎడమ వైపు కూర్చోవడం నేర్చుకుంది అద్దం అవతల. తను మాత్రం ఒక్కసారీ ఏడ్వలేదు. గుండె గట్టిదన్నారు అందరూ. గట్టిదో, అక్కడ లేదో.

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. దామోదర్‌రావు చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టి, సొరుగులోంచి కాగితం ఒకటి తీసి మొండయ్య ముందుంచాడు. పది నిమిషాలు. బుచ్చిరాములు ముందుకొచ్చి కొత్త కాగితం ఎక్కించి మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాడు. ఏదో ఉత్తరం, మిల్లు యజమానికి బొగ్గు పంపడం గురించి. మొదటి మాట 'డియర్', ఎడమ చెయ్యి దాన్ని ఒక్క ఊపులో కొట్టేసింది. రెండో మాట దగ్గరే నది దాటాల్సి వచ్చింది. ఆ తర్వాత లెక్క లేదు, అటూ ఇటూ, అటూ ఇటూ, వేళ్లు పడవ నడిపేవాడి గెడలాగా అడుగు తాకి లేస్తున్నాయి, మధ్యలో 'రేట్' వచ్చింది, 'వేస్ట్' వచ్చింది, అవి వచ్చినప్పుడల్లా ఇంటి గడపలో కూర్చున్నట్టు ఒక క్షణం తెరిపి. ఇంగ్లీషు సారు సుద్ద, తీగ, ఆడపిల్లల టకటక, మోచేతి కింద లేని వేళ్లు అతని కంటే ఒక అక్షరం ముందు పరుగెత్తడం, వాటిని పట్టుకోలేక ఉన్న చెయ్యి చెమటపట్టడం. గంట మోగింది, బండి తోశాడు, మోగింది, తోశాడు. చాలు అన్నాడు దామోదర్‌రావు.

కాగితం చేతిలోకి తీసుకుని ఆయన పెన్సిలుతో మాట మాటకూ చుక్క పెడుతూ పోయాడు. చాలాసేపు పట్టింది. ఒక్క తప్పు లేదన్నాడు. అయితే నిమిషానికి పన్నెండు మాటలే వచ్చాయి, కనీసం ముప్పై ఉండాలి, ఇరవై ఉన్నా ఏదో చేద్దును అన్నాడు. మంచి మనిషే, గొంతులో కోపం లేదు, విసుగూ లేదు. అద్దాలు తీసి కళ్లు నలుపుకుని, పక్కనున్న ఫైలు తెరిచి ఒక కాగితం దగ్గర ఆగాడు. తప్పు మనిషిది కాకుండా జరిగిన ప్రమాదమైతే ఈ టెస్టులేవీ అక్కర్లేదనీ, వేరే పని ఇవ్వాల్సిందేనని తనే రాయగలననీ, కానీ ఇక్కడ రోపు వదలమని నువ్వే గంట కొట్టినట్టుందనీ అన్నాడు. మొండయ్యకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏం చేసేవాడో.

"గిది నిజమేనా మొండయ్యా? ఆలోచించుకోని చెప్పు" అన్నాడు దామోదర్‌రావు.

మొండయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, కానీ ఆలోచనలోకి వచ్చింది తీగ కాదు, బూట్లు. అవి ఇప్పుడు కాళ్లకే ఉన్నాయి. అవును అనడం ఎంత తేలికో తెలుసు, ఒకసారి అన్నమాటే. కాదనడమూ తేలికే, మూడు అంగల దూరంలో ఉన్న మనిషి ఉద్యోగం పోతుంది, తనది నిలుస్తుంది, బాలవ్వ నాలుగిండ్లకు పోనక్కర్లేదు. తూకం వేద్దామంటే రెండు తట్టలూ ఎక్కడో దూరంగా వేలాడుతున్నాయి, ఎటు మొగ్గితే తనకేమిటో తెలియడం లేదు. నోరు తెరిచాడు. కొట్టిన సార్, అనబోయాడు, సగం అన్నాడు కూడా.

"కొట్టలే సార్" అన్నాడు వెనక నుంచి బుచ్చిరాములు. గొంతు మామూలుగానే ఉంది, కాగితం ఎక్కించాను అని చెప్పినంత మామూలుగా. "ఆయన గంట కొట్టలే. బ్రేకు మీదికెల్లి నేనే చెయ్యి తీసిన. నన్ను కాపాడనీకె ఆయన గట్ల చెప్పిండు."

దామోదర్‌రావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గుమాస్తాను పిలిచాడు. బుచ్చిరాములు చెప్పింది గుమాస్తా రాసుకున్నాడు, మెల్లగా సంతకం పెట్టాడు బుచ్చిరాములు, పెట్టి పెన్ను మూత బిగించి మరీ ఇచ్చాడు. ఉద్యోగం పోతుందా అని అడగలేదు. దామోదర్‌రావే చెప్పాడు, పోకపోవచ్చు, సస్పెన్షను మాత్రం తప్పదు, ఇంజను దగ్గరికి మళ్లీ పంపరు. మొండయ్య వైపు తిరిగి, సోమవారం రమ్మన్నాడు, తూకం ఆఫీసులో రోజువారీ కాగితాలు కొట్టే పనుంది, అక్కడ తొందర అక్కర్లేదు, తప్పుల్లేకుంటే చాలు. మొండయ్య దండం పెట్టాలి కాబట్టి ఉన్న చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

బయట ఎండ తెల్లగా ఉంది. బస్టాండు దాకా అర మైలు, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు, పక్కన నల్లటి దుమ్ము పట్టిన తుమ్మలు. మొండయ్య ముందు, మొండయ్య ఆస్పత్రి కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని బుచ్చిరాములు నాలుగడుగులు వెనక. పని దొరికింది. క్వార్టర్ నిలిచింది. బాలవ్వకు చెప్పాలి, సాబ్‌కు చెప్పాలి. ఈ మాటలన్నీ తనకు తనే చెప్పుకున్నాడు, సరైన మాటలే, అయినా వాటి కింద ఏదో వేడిగా కదులుతోంది. నన్ను కాపాడనీకె అన్నాడు. ఎవడు చెప్పమన్నాడు. ఏడు నెలలు ఆ చెయ్యి తనది. గంట తనే కొట్టాడు, చెయ్యి తనే పోగొట్టుకున్నాడు, ఎవరి మీదా కోపం రావలసిన పనిలేదు, వంగి చూసుకుంటే తనే, లేచి చూసుకుంటే తనే. ఇప్పుడు అది ఇంకొకడు తీసేసిన చెయ్యి అయింది. ఇంకొకడు, ఈ వెనక నడుస్తున్నవాడు, రోజూ పక్కన స్టూలు మీద కూర్చున్నవాడు, నీళ్లు తెచ్చి ఇచ్చినవాడు. లేని వేళ్లు అయిదూ ముడుచుకుని పిడికిలి అయ్యాయి, గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టు నొప్పి లేచింది, అసలు నొప్పి, ఆ రోజు రావలసింది ఈ రోజుకు వచ్చినట్టు. కల్వర్టు దగ్గర ఆగిపోయాడు. వెనక అడుగుల చప్పుడు కూడా ఆగింది.

"ఎందుకు తీసినవ్ అన్నా, బ్రేకు మీదికెల్లి చెయ్యి?" అన్నాడు తిరగకుండానే.

రెండు లారీలు దాటిపోయాయి. దుమ్ము అణిగాక బుచ్చిరాములు చంకలోని ఫైలు సర్దుకున్నాడు.

"చాయ్ పోసుకుంటున్న తమ్మీ. ఫ్లాస్కు మూత గట్టిగున్నది. రెండు చేతులు వట్టవలసొచ్చింది."

మొండయ్య తిరిగి అతన్ని చూశాడు. ఏడు నెలల్లో అతన్ని ముఖంలోకి చూడటం ఇదే మొదలని అప్పుడు తెలిసింది. గడ్డం నెరిసింది, ఒక కన్ను కింద నరం కొట్టుకుంటోంది. ఏదో పెద్ద కారణం ఉంటుందనుకున్నాడేమో, నిద్రో, తాగుడో, ఇంట్లో చావో. తిట్టడానికి నోరు తెరిస్తే తిట్టు రాలేదు. వచ్చిన ప్రశ్న తనకే వింతగా వినిపించింది.

"తాగినవా మరి?"

"లే. పోసింది పోసినట్టే ఉండె. నాలుగు దినాలకు డ్యూటీకి పోయి చూస్తే మూత నిండ చీమలు."

మొండయ్య కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొంతు, ఆ తర్వాత ఏడుపు ఆపుకోవడం అతని చేతుల్లో లేదు. అద్దం ఎప్పుడు పగిలిందో, అవతల ఉన్నవన్నీ ఒక్కసారి మీద పడ్డాయి, బాలవ్వ, పిల్లలు, కడిగిన బూట్లు, జానెడు కిందికి దిగిన టబ్బులు. దారినపోయే సైకిలు మనిషి ఒకడు దిగి ఏమైందని అడిగాడు, బుచ్చిరాములు ఏం లేదు పొమ్మని సైగ చేశాడు. భుజం మీద చెయ్యి వెయ్యడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఎండ నెత్తి మీదికి రాబోతోంది. ఫైలు చంకలోనే పెట్టుకుని, ఇటు రెండడుగులు వేసి, తన నీడ మొండయ్య మీద పడేటట్టు ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. జరుగు అని మొండయ్య అనలేదు.